బైబిల్లోని రోమా పత్రిక 3:24లో ‘ఉచితముగా’ అంటే తగినట్టుగానా, వెల లేకుండానా?

అరసున్న: “అందరును పాపము చేసి దేవుడు అనుగ్రహించు మహిమను పొందలేక పోవుచున్నారు” అని 23వ వచనం. వెంటనే 24లో, నమ్మువారు “ఆయన కృపచేతనే, క్రీస్తుయేసునందలి విమోచనము ద్వారా ఉచితముగా నీతిమంతులని తీర్చబడుచున్నారు.” సంస్కృతంలో ఉచితమంటే తగినది. ఔచిత్యం, సముచితం, అనుచితం అన్నీ ఆ కుదురువే. ఇక్కడా ‘తగిన విధంగా’ అని చదవొచ్చా?

శకటరేఫం: చదవకూడదండీ, వాక్యం అడ్డం తిరుగుతుంది. 23లో అందరినీ తగనివాళ్ల పద్దులో రాసేసి, 24లో ‘తగినట్టుగా’ అంటే మిగిలేది శిక్షే. గ్రీకు మాట ‘దోరెయాన్’. దోరెయా అంటే కానుక. దాని ద్వితీయా విభక్తి రూపాన్ని క్రియావిశేషణంగా వాడారు. ఈ ఒక్క మాటకే మన పాత తెలుగు బైబిలు అనువాదం మూడు చోట్ల మూడు మాటలు వేసింది. మత్తయి 10:8లో “ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి”. యోహాను 15:25లో “నన్ను నిర్హేతుకముగా ద్వేషించిరి”. గలతీ 2:21లో నీతి ధర్మశాస్త్రంవల్లే వస్తే క్రీస్తు చనిపోయింది “నిష్‌ప్రయోజనమే”. రోమా 3:24కి అసలు తాళంచెవి యోహాను 15:25 అని నా లెక్క. యేసుని ద్వేషించడానికి ఆయనలో కారణం ఎలా లేదో, మనమీద కృప చూపడానికి మనలో కారణం అలాగే లేదు.

హిందీలో ‘ఉచిత్’ అంటే తగినది అనే గానీ వెల లేనిది అని కాదు. అందుకే అక్కడి బైబిల్లో ఈ చోట ‘సేంత్ మేంత్’ అని పడింది. రెండర్థాల తంటా మనకూ కన్నడిగులకే.

గుడిదీర్ఘం: ‘నిర్హేతుక కృప’ శ్రీవైష్ణవుల పరిభాషలోనూ ఉంది. తల్లిని పట్టుకుని వేలాడే కోతిపిల్లా, తల్లే నోట కరుచుకుపోయే పిల్లిపిల్లా అని వాళ్లలోని రెండు శాఖలు, వడకలై, తెంకలై వాళ్ల వాదన. సిద్ధాంతాలు వేరు, కలపొద్దు. మాట మాత్రం తెలుగువాడి చెవికి కొత్తది కాదు.

అరసున్న: సరే, వెల లేకుండానే. కానీ ఉచిత బియ్యం, ఉచిత సలహా విని విని ఆ మాట పలచబడలేదూ?

శకటరేఫం: పలచబడింది. ఆ లోటు తీర్చేది పక్కనున్న ‘విమోచనము’. గ్రీకులో ‘అపొలుత్రోసిస్’, అందులోని ‘లుత్రోన్’ బందీనో బానిసనో విడిపించడానికి కట్టే సొమ్ము. మార్కు 10:45లో దాన్నే ‘విమోచన క్రయధనము’ అన్నారు. అంటే పుచ్చుకునేవాడికే ఉచితం, కట్టినవాడికి కాదు. రోమా 4:4 కూడా చూడండి: “పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు.” ఆ ‘దానము’ ఉన్నచోట మూలంలో ఉన్నది ‘ఖారిస్’, మిగతా చోట్ల కృప అని రాసిన మాటే. జీతమనే మాట మళ్లీ 6:23లో వస్తుంది. అక్కడ జీతమిచ్చేది పాపం, ఇచ్చే జీతం మరణం.

ఇక 3:23లో ‘అనుగ్రహించు’ అనువాదకులు చేర్చింది. మూలంలో ‘దేవుని మహిమ’ అంతే. దీనివల్ల అనుగ్రహం 23లోనే మొదలైపోయినట్టు అనిపిస్తుంది, 24లో కృప వచ్చినప్పుడు రావలసిన ఊపు తగ్గుతుంది. ‘పొందలేక పోవుచున్నారు’ కూడా కొంచెం పక్కకు జరిగింది. ఆ క్రియకు కొరవడడం, లేమిలో పడడం అని అర్థం. లూకా 15:14లో ఆస్తంతా తగలేసిన చిన్నకొడుకు కరువులో “ఇబ్బంది పడసాగి” అన్నచోట ఉన్నది ఇదే క్రియ. పాపం చేయడం భూతకాలంలో ఉంది, ఈ లేమి వర్తమానంలో ఉంది.

గుడిదీర్ఘం: ‘నీతిమంతులని’లోని ‘అని’ని వదిలేశారు! ‘నీతిమంతులుగా’ అంటే మనిషిలో మార్పు. ‘నీతిమంతులని తీర్చు’ అంటే న్యాయాధిపతి నోటి మాట; తీర్పు తీర్చడంలోని తీర్చడమే. తీర్చిదిద్దడం అనుకున్నారో, అర్థం మారిపోయినట్టే. 1547లో కతోలికుల ట్రెంట్ మహాసభ, నీతిమంతులవడమంటే పాపక్షమాపణ ఒక్కటే కాదు, లోపలి మనిషి నూతనమవడం కూడా అని తీర్మానించింది. సంస్కరణవాదులు, అంటే ప్రొటెస్టెంట్లు, ముందు ప్రకటన, మార్పు దాని వెనక వచ్చేదన్నారు. మన పాత అనువాదం ఆ ‘అని’తో సంస్కరణవాదుల వైపే మొగ్గింది.

అరసున్న: మరి వాడుక తెలుగులో తిరగరాస్తే ‘ఉచితముగా’ బదులు ఏం పెట్టాలి? ‘పుణ్యానికి’ అంటారు కదా, వెల లేకుండా వచ్చినదాన్ని?

శకటరేఫం: అయ్యో, అది మాత్రం వద్దండీ. పుణ్యంతో పని లేదని చెప్పే వాక్యంలోకి పుణ్యాన్నే తెచ్చి పెట్టినట్టవుతుంది.

గుడిదీర్ఘం: ‘ఊరికే’ ఉంది కదా. ఊరికే ఇచ్చాడు అంటే వెల లేదు. ఊరికే తిట్టాడు అంటే కారణం లేదు. కష్టం ఊరికే పోయింది అంటే ఫలితం లేదు. దోరెయాన్‌కున్న మూడర్థాలూ ఒక్క మాటలో!

అరసున్న: వేదికమీద నిలబడి “ఊరికే నీతిమంతులని తీర్చబడుచున్నారు” అని చదివితే సంఘంలో నవ్వరూ?

గుడిదీర్ఘం: గ్రాంథిక క్రియ పక్కన పెడితే నవ్వుతారు. “ఊరికే నీతిమంతులని తీర్పు ఇస్తున్నాడు” అని చదివి చూడండి.