గుజ్మానియా గిన్నెలో నీళ్లు ఉంచాలా, వంచేయాలా?

మిద్దెతోట: పైకొమ్మ గారూ, గుజ్మానియా లింగులాటా అనే ఈ పూలమొక్కకు ఆకుల నడుమ గిన్నె ఉంటుంది కదా, అందులో నీళ్లు నిలవుంచమని చెప్పడం ఆపండి. డెంగీ రోజులివి. నీళ్లు కుండీకే పోయండి. ట్రినిడాడ్‌లో 1940ల్లో ఈ కుటుంబం (బ్రొమీలియాడ్) మొక్కల గిన్నెల్లోనే మలేరియా దోమ పెరిగింది. కోకో తోటల నీడచెట్ల మీద మైలుతుత్తం కొట్టి ఆ మొక్కల్ని చంపాల్సి వచ్చింది.

పైకొమ్మ: అది అనాఫిలిస్ బెల్లేటర్ అండీ, డెంగీ దోమ కాదు. అమెరికా వానడవుల్లో చెట్ల కొమ్మల మీద మట్టి ఎక్కడిది? రాలిన ఆకు గిన్నెలో కుళ్లితే, ఆ రసాన్ని ఆకుల మొదట్లో ఉండే సన్నటి పొలుసులు పీలుస్తాయి. వేళ్లు కొమ్మను పట్టుకోవడానికే.

మిద్దెతోట: ఏ దోమైతేనేం? డెంగీ దోమ ఈడిస్ గుడ్డు ఎండాకాలం వారం పది రోజుల్లో దోమవుతుంది.

పైకొమ్మ: అందుకే నాలుగు రోజులకోసారి కడగాలి. వంచేస్తే సరిపోదు. ఈడిస్ గుడ్లు నీటి అంచుకు పైన ఆకును అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. మొక్కను వంచి పట్టుకుని పైపుతో ధారగా కొట్టండి, తర్వాత రెండు సెంటీమీటర్ల మేర వాననీళ్లు పోయండి. బోరునీళ్లు వద్దు, తెల్లగా సున్నం పేరుకుని పొలుసులు మూసుకుపోతాయి.

చామంతి: వేపనూనె చుక్క వేస్తే?

పైకొమ్మ: వద్దండీ. నూనె పొర కట్టినా పొలుసులు పనిచేయవు. బీటీఐ గుళిక (దోమ పిల్లల్ని చంపే బ్యాక్టీరియా మందు) వేయొచ్చు. రాగి ఉన్న మందులు మాత్రం తగలనివ్వద్దు, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమమైనా సరే. ట్రినిడాడ్‌లో మొక్కల్ని చంపింది మైలుతుత్తంలోని రాగే.

మిద్దెతోట: ఎన్నిసార్లు చెప్పాలి మీకు! నాలుగు రోజులకోసారి ఎన్ని ఇళ్లలో కడుగుతారు? నర్సరీల్లో కుండీకే నీళ్లిచ్చినవి శుభ్రంగా పూస్తున్నాయి. వేళ్లు తాగవంటే ఎవరు నమ్ముతారు?

నల్లమల: ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. మీవి కుండీలోవా, మొద్దుకు కట్టినవా?

పైకొమ్మ: మొద్దుకు కట్టినవి.

మిద్దెతోట: కుండీలోవి. కొబ్బరి డొక్క ముక్కలు, బెరడు సగం సగం.

పైకొమ్మ: ఆ ముక్క ముందే చెప్పాల్సింది. కుండీలో వేళ్లు తాగుతాయి, ఒప్పుకుంటా. పొద్దున ఆకుల మీద తుంపర కొడితే గిన్నె ఎండినా బతుకుతుంది. మొద్దు మీదిదైతే ఆకుల కొసలు మాడతాయి.

మిద్దెతోట: మరి కొత్తవాళ్లకు మొద్దు ఎందుకు చెబుతున్నారు? నా గొడవంతా అదే. కుండీ అనే చెప్పండి.

పైకొమ్మ: అది ఒప్పుకోను. చెట్టుకొమ్మ మీద పెరిగే మొక్క అది. కడిగే ఓపిక లేనివాళ్లను పెంచొద్దని చెబుతా గానీ, మొద్దే వద్దనను.

చామంతి: పూత ఎండింది, పక్కన రెండు పిలకలొచ్చాయి. ఎప్పుడు తీయాలి?

పైకొమ్మ: తల్లిమొక్కలో సగం ఎత్తు వచ్చాక, మొదట్లో పదునైన కత్తితో కోయండి. తల్లి మళ్లీ పూయదు.

మిద్దెతోట: కోసి కుండీలో పెట్టండమ్మా.