పాత పొలంలో ఇరవై ఇళ్లు: ఎవరి రెండెకరాల్లో వారా, ఒక మూల గుంపుగానా?

గట్టుమీద:
40 ఎకరాలు, 20 కుటుంబాలు. తలా రెండెకరాలు పంచేస్తే ఎవరి ముక్కను వాళ్లే బాగుచేసుకుంటారని ఒకరన్నారు. నేనొప్పుకోను, ఇళ్లన్నీ ఒక మూల గుంపుగా కట్టి మిగతా నేల ఉమ్మడిగా ఉంచాలంటాను. రెండెకరాల చదరానికి పక్క 90 మీటర్లు. దారికి అటు పది, ఇటు పది పెట్టినా పొడవు 900 మీటర్లు. పక్క కాలువతో 6 మీటర్ల వెడల్పంటే 1.3 ఎకరాలు దారికే సరి. ఇక ప్రహరీలు. వాలుకు అడ్డంగా గోడ లేస్తే వాన నీరు దాని వెంటే నడిచి, సందు దొరికిన చోట ఒక్కసారిగా దూకుతుంది. గండి పడేది అక్కడే. పాత గట్లు నీటిని పలచగా పరిచి నిలుపుతున్నాయి. వాటిని తెగ్గొట్టి పునాదులు తీసి, ఆనక ఇంకుడు గుంతలు తవ్వడం ఏం తెలివి?

జిగటనేల:
బాగానే ఉంది, మరి మురుగో? 80 మంది, మనిషికి 100 లీటర్లు, రోజుకు 8,000 లీటర్లు ఒక్క మూలకే చేరుతుంది. ముందు అడుగు లోతు గుంత తీసి, రాత్రంతా నానబెట్టి, పొద్దున అరడుగు నీళ్లు పోసి చూడండి. గంటలో అంగుళం కూడా దిగకపోతే ఆ నేల సెప్టిక్ ట్యాంకు నీటిని తాగదు. విడి ఇళ్లయితే ఆ భారం నలుదిక్కులా పంచుకుపోతుంది.

గట్టుమీద:
తాగని నేల పంచినా తాగదు, ఇరవై చోట్ల ఊరుతుంది. ట్యాంకు తర్వాత, ఆ నీటిని వడకట్టేందుకు గులకరాళ్ల మడి వేసి రెల్లు నాటండి. మనిషికి కొన్ని చదరపు మీటర్ల మడి చాలు, చలి చోట ఇంకా ఎక్కువ కావాలి. ట్యాంకులో బురద తీయించకపోతే మాత్రం మడి మూసుకుపోతుంది.

కుంటకాపు:
ఇళ్లు ఎక్కడైనా కట్టుకోండి, పొలంలో ఉన్న కుంట పూడిక తీయడానికి యంత్రాన్ని తొందరపడి పంపొద్దు. పైన ఉన్న మెత్తటి పూడికే తీయాలి. కింద గట్టి జిగటమట్టి తగలగానే ఆపేయాలి. నీళ్లు నిలిపేది ఆ పొరే. దాన్ని చీలిస్తే ఎంత వాన పడ్డా కుంట ఎండుతుంది. ఇక ఇళ్లు కట్టే చోట పైమట్టిని విడిగా తీసి, 2 మీటర్లకు మించని కుప్పలుగా పోయండి. తడిమీద లారీ తిప్పారా, నేల బండబారుతుంది.

జిగటనేల:
సరే, గుంపుకే ఓటేస్తా, ఒక షరతు మీద. ఉమ్మడి నేల అమ్మకూడదన్నది సంఘం నియమావళిలో కాదు, దస్తావేజులోనే రాయాలి. నియమావళిని మెజారిటీ ఎప్పుడైనా మార్చేస్తుంది. ఇంకోటి, ఇళ్లు పోగా మిగిలిన 30 పైచిలుకు ఎకరాల్లో కలుపు పూతకు రాకముందే ఏటా కోయాలి. ఆ కూలి ఎవరిస్తారో ఇంతవరకు ఒక్కరూ రాయలేదు.