నెలసరి నొప్పికి మాత్ర వేయాలా, ఓర్చుకోమనాలా?

గోదారిగట్టు:
మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. ప్రతి నెలా మొదటి రోజు మెలికలు తిరిగిపోతుంది. వాంతులు, పైగా రెండు మూడు సార్లు విరేచనాలు. కాలేజీ మానేస్తోంది. డాక్టరుగారు చూసి మెఫెనామిక్ యాసిడ్ మాత్ర రాశారు. మా అత్తగారు ససేమిరా అంటున్నారు. "ఈ వయసు నుంచే మాత్రలు మింగితే గర్భసంచి పాడైపోతుంది, రేపు పిల్లలు పుట్టరు. మేమంతా ఓర్చుకోలేదా?" అని. దానికితోడు ఆ మాత్ర ప్రమాదమని ప్రభుత్వమే చెప్పిందంటూ వాట్సాప్‌లో ఒకటే టెన్షన్. మీరేమంటారు?

పెద్దక్క:
మీ అత్తగారి మాటే నా మాట. నెలనెలా వచ్చేది రోగం కాదు కదా, మందెందుకు? వాము కషాయం తాగించి, పొత్తికడుపు మీద వేడినీళ్ల సీసాతో కాపడం పెట్టండి. ఒక రోజు పడుకుంటే అదే పోతుంది. ఇప్పుడు పిల్లలకు ప్రతిదానికీ మాత్రే.

ల్యాబ్‌కోటు:
పెద్దక్కగారూ, కాపడం నిజంగానే పనిచేస్తుంది, నేను కాదనను. కానీ "ఓర్చుకో" అనేముందు ఆ పిల్ల కడుపులో ఏం జరుగుతోందో చూడాలి. నేను ఫార్మసీ కాలేజీలో పాఠం చెబుతాను, కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

నెలసరికి ముందు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పడిపోతుంది. అప్పుడు గర్భసంచి లోపలి పొర కణాల నుంచి అరాకిడోనిక్ ఆమ్లం విడుదలవుతుంది. 20 కార్బన్ల కొవ్వు ఆమ్లం అది. కాక్స్ అనే ఎంజైమ్ దానికి రెండు ఆక్సిజన్ అణువులు తగిలించి, మధ్యలో ఐదు కార్బన్ల వలయం కట్టేస్తుంది. దాని నుంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే, హార్మోన్ల లాంటి రసాయనాలు పుడతాయి. వాటిలో ఎఫ్2-ఆల్ఫా అనే రకం గర్భసంచి కండరాన్ని గట్టిగా బిగిస్తుంది. ఆ బిగింపుకి రక్తనాళాలు నొక్కుకుపోయి కండరానికి రక్తం అందదు. నొప్పి అక్కడిది. ఇది పేగుల కండరాన్నీ కదిలిస్తుంది, గోదారిగట్టుగారూ, మీ అమ్మాయికి విరేచనాలు అందుకే. నొప్పి ఎక్కువగా ఉండే వాళ్ల నెలసరి స్రావంలో ఈ ప్రోస్టాగ్లాండిన్లు ఎక్కువగా ఉంటాయని పరీక్షల్లో తేలింది. అంటే మీ అత్తగారికి వచ్చిన నొప్పీ, ఈ పిల్లకు వచ్చే నొప్పీ ఒకటే కానక్కర్లేదు.

ఆస్పిరిన్ లాంటి మందులు ఈ తయారీని ఆపుతాయని జాన్ వేన్ 1971లో చూపించారు. 1982 నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనొకరు. మెఫెనామిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ కూడా ఆ కాక్స్‌నే అడ్డుకుంటాయి. గర్భసంచిని పాడుచేస్తాయన్నది వట్టి మాట.

లేబర్‌రూమ్ సిస్టర్:
ఒక్క మాట కలుపుతాను. కాన్పు నొప్పులు రాకపోతే మేం పెట్టే జెల్ ఏమిటనుకున్నారు? ప్రోస్టాగ్లాండిన్ ఇ2. గర్భసంచి ముఖద్వారం మెత్తబడి నొప్పులు మొదలవుతాయి. అదే కుటుంబం సరుకు నెలనెలా ఒంట్లో ఊరుతుంటే, "ఇదేం నొప్పి" అని తీసిపారేయడం మన ఆడవాళ్లే చేస్తారు, అదే నాకు కోపం.

పెద్దక్క:
సరే సిస్టరమ్మా, నొప్పి లేదని నేననలేదు. శరీరం ఆ ప్రోస్టాగ్లాండిన్ ఊరికే తయారుచేయదు కదా? మాత్ర వేస్తే గర్భసంచిలో ఒక్కచోటే ఆగుతుందా, ఒళ్లంతా ఆగుతుందా? మా తోడికోడలు మోకాళ్ల నొప్పులకు ఇలాంటివే మింగి మింగి కడుపులో పుండు తెచ్చుకుంది.

ల్యాబ్‌కోటు:
అసలు ప్రశ్న మీరే అడిగారు. ఒళ్లంతా ఆగుతుంది. జీర్ణాశయంలో ఆమ్లం నుంచి గోడను కాపాడే జిగురు పొరకు ప్రోస్టాగ్లాండిన్లే దన్ను. మూత్రపిండాలకు రక్తం తగ్గకుండా చూసేదీ అవే. అందుకే ఏళ్ల తరబడి రోజూ మింగిన మీ తోడికోడలికి పుండు పడింది. ఈ పిల్ల వేసుకునేది నెలకు రెండు మూడు రోజులు, అదీ అన్నం తిన్నాక. లెక్క వేరు. అయినా ఇప్పటికే అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ, ఆస్పిరిన్ పడని ఆస్తమా ఉన్నవాళ్లూ వీటి జోలికి పోకూడదు. వాంతులతో నీళ్లు బాగా పోయినప్పుడూ జాగ్రత్త.

పిల్లలు పుట్టరన్న భయంలోనూ ఒక చిన్న నిజం ఉంది, దాచను. అండం విడుదలకు ప్రోస్టాగ్లాండిన్ కావాలి. ఆ సమయంలో, అంటే నెల మధ్యలో, ఈ మాత్రలు వరసగా వాడితే అండం విడుదల ఆలస్యం కావచ్చు, ఆ నెలకు ఆగిపోవచ్చు. మానేస్తే మళ్లీ మామూలే. గర్భం కోసం చూస్తున్నవాళ్లు డాక్టర్నడగాలి, గర్భిణులు సొంతంగా అసలు వేసుకోకూడదు. నెలసరి మొదటి రెండు మూడు రోజులు వేసుకునే పదిహేడేళ్ల పిల్లకు ఆ బెడద లేదు.

మందులషాపు:
వాట్సాప్ సంగతి నేను చెబుతా. మందుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరు 30న ఇచ్చింది హెచ్చరికే, నిషేధం కాదు. మెఫెనామిక్ యాసిడ్‌తో డ్రెస్ సిండ్రోమ్ అనే అరుదైన, తీవ్రమైన అలర్జీ రావచ్చు, గమనించండి అని. సాధారణంగా మందు మొదలెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, గ్రంథుల వాపు కనబడతాయి, కాలేయం కూడా దెబ్బతినవచ్చు. అలాంటివి కనిపిస్తే మాత్ర ఆపి ఆస్పత్రికి పరుగెత్తాలి. చీటీ లేకుండా "ఆ నొప్పి మాత్రొకటి ఇవ్వండి" అని అడిగేవాళ్లకు ఇదంతా చెప్పే తీరిక కౌంటర్లో ఉండదు, అదీ నిజమే.

గోదారిగట్టు:
అందరికీ థ్యాంక్సండీ. పోయినసారి నొప్పి బాగా ముదిరాక ఒక మాత్ర వేసింది, గంటన్నర దాకా ఏడుస్తూనే ఉంది. అసలు పనిచేస్తుందా అని అనుమానం.

ల్యాబ్‌కోటు:
ఆలస్యంగా వేయడం వల్లేనండి. ఈ మందు కొత్త ప్రోస్టాగ్లాండిన్ తయారుకాకుండా ఆపుతుందే గానీ, అప్పటికే తయారైనదాన్ని తీసేయదు. నొప్పి మొదలవుతుండగానే వేయాలి. డేట్ కచ్చితంగా వచ్చేవాళ్లకు ముందురోజు నుంచే మొదలెట్టమని కొందరు డాక్టర్లు చెబుతారు. డోసు మాత్రం చీటీలో రాసినంతే. కాపడం కూడా పెట్టండి, రెండూ కలిపితే తప్పేం లేదు.

లేబర్‌రూమ్ సిస్టర్:
మూడు నాలుగు నెలలు సరిగ్గా వాడినా తగ్గకపోయినా, నెలసరి లేని రోజుల్లోనూ నొప్పి వస్తున్నా, ఏటికేడు పెరుగుతున్నా స్కానింగ్ చేయించండి. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) లాంటిది ఉంటే మాత్రతో కప్పిపెట్టి కూర్చోకూడదు.

పెద్దక్క:
ఆ, అది చెప్పండి ముందు. సరేనమ్మా, అన్నం పెట్టాకే మాత్ర ఇవ్వు. వాము కషాయం మాత్రం మానొద్దు.