మొదటి పెళ్లి సంగతి దాచి చేసుకున్న వివాహం: రద్దు కోరాలా, విడాకులు కోరాలా?

ప్రశ్న

మా చెల్లెలి వివాహం జరిగి ఇంకా ఏడాది నిండలేదు. భర్తకు ఇంతకుముందే పెళ్లయిందనీ, ఆ వివాహంపై విడాకుల కేసు నడిచిందనీ ఈ మధ్యనే తెలిసింది. సంబంధం మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఇదే తొలి వివాహమని చెప్పారు. విషయం బయటపడినప్పటి నుంచి చెల్లెలు మా ఇంట్లోనే ఉంటోంది. ఏడాది గడవనిదే విడాకులకు వెళ్లే వీలు లేదని ఒకరు, కాపురం చేశాక వివాహాన్ని రద్దు చేయరని మరొకరు అంటున్నారు. హిందూ వివాహ చట్టం ప్రకారం ఆమెకున్న దారి ఏమిటో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. మీ చెల్లెలి పెళ్లి నాటికి అతని మొదటి వివాహానికి విడాకుల డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు, వచ్చిందా? రాకపోతే, మొదటి భార్య జీవించి ఉండగా జరిగిన ఈ పెళ్లి 1955 నాటి చట్టం 11వ సెక్షన్ కింద మొదటి నుంచీ చెల్లనిదే. ఎన్నాళ్లు కలిసి కాపురం చేసినా, రిజిస్ట్రేషన్ చేయించుకున్నా అది చెల్లుబాటు కాదు. పైగా అతను చేసినది నేరం కూడా అవుతుంది.

డిక్రీ ముందే వచ్చి ఉంటే మాత్రం, కోర్టు రద్దు చేసేవరకు ఈ వివాహం చెల్లుతుంది. అప్పుడు 12వ సెక్షన్ కింద, మోసంతో సమ్మతి పొందారన్న కారణంపై రద్దు కోరాలి. 1976 సవరణ తరువాత, ఎదుటి వ్యక్తికి సంబంధించిన ముఖ్యమైన వాస్తవాన్ని దాచి ఒప్పించడం కూడా ఈ మోసంలోకి వస్తుంది. పెళ్లిచూపుల్లో చెప్పే ప్రతి గొప్పా ముఖ్యమైన వాస్తవం కాదు గాని, గతంలో పెళ్లయి విడాకులైన సంగతిని చిన్న విషయమని వాదించడం ఎవరికైనా కష్టమే.

కాపురం చేశారు కాబట్టి రద్దు కాదన్న మాట సరికాదు. చట్టం చూసేది మోసం తెలిసిన తరువాతి ప్రవర్తనను. తెలిశాక ఏడాదిలోగా పిటిషన్ వేయాలి. మోసం తెలిసిన తరువాత తన పూర్తి ఇష్టంతో అతనితో భార్యగా జీవించి ఉండకూడదు. పెద్దమనుషులు సర్ది చెబుతుంటే, ఇంకొన్నాళ్లు చూద్దామని తిరిగి కాపురానికి పంపిన కుటుంబాలు ఇక్కడే నష్టపోతాయి. ఇక 14వ సెక్షన్‌లోని ఏడాది నిరీక్షణ విడాకుల పిటిషన్లకే గాని రద్దు పిటిషన్లకు వర్తించదు.

రెండవ సమాధానం

పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. అయితే చెల్లని వివాహానికి కోర్టు డిక్రీ అవసరం లేదనే మాట మీ చెవిన పడవచ్చు. సిద్ధాంతరీత్యా అది నిజమే అయినా, ఆమె రేపు మళ్లీ పెళ్లి చేసుకోదలిస్తే చేతిలో డిక్రీ ఉండటమే క్షేమం. మొదటి కేసు తీర్పుకు సర్టిఫైడ్ కాపీ సంపాదించండి. అతన్ని అవివాహితుడిగా చూపిన బయోడేటా, అప్పటి మెసేజ్‌లు భద్రపరచండి. ఆమె ప్రస్తుతం నివసిస్తున్న ఊరి ఫ్యామిలీ కోర్టులోనే పిటిషన్ వేయవచ్చు. విచారణ బహిరంగంగా జరగదు కనుక పరువు గురించి వెనుకాడవలసిన పని లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆమె ఇప్పుడు గర్భవతి. రద్దయితే బిడ్డ హక్కులు ఏమవుతాయి? భరణం అడిగే వీలుంటుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

వివాహం చెల్లకపోయినా, రద్దయినా, 16వ సెక్షన్ ప్రకారం బిడ్డ సక్రమ సంతానమే. తల్లిదండ్రుల ఆస్తిలో హక్కు ఉంటుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో తండ్రి మరణం నాటికి ఆయనకు రావలసిన వాటాలోనూ ఇలాంటి సంతానానికి భాగం ఉంటుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. తాత ఆస్తిలో నేరుగా వాటా అడగడం మాత్రం కుదరదు.

భరణం విషయంలో చాలాకాలం భిన్నాభిప్రాయాలు ఉండేవి. వివాహం చెల్లదని డిక్రీ ఇచ్చినప్పటికీ 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం కోరవచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇవ్వాలా వద్దా అన్నది ఇరువురి ప్రవర్తన, పరిస్థితులు చూసి కోర్టు నిర్ణయిస్తుంది. కేసు నడుస్తున్నంతకాలం మధ్యంతర భరణం కోసం 24వ సెక్షన్ కింద వేరే దరఖాస్తు వేయించండి. దాన్ని పిటిషన్‌తో పాటే దాఖలు చేయమని మీ న్యాయవాదికి చెప్పండి.