అప్‌డేట్: ఎడగారులో వేసిన దేశీ వరి చివరికి ఈనింది

మాది నెల్లూరు జిల్లా కోవూరు వైపు. ఎడగారులో (వేసవిలో మొదలయ్యే పంటకాలం) వేసిన దేశీ వరి పిలకలు బాగా పెట్టినా ఈనడం లేదని, అంటే కంకులు వేయడం లేదని, పక్క చేలో నెల్లూరు 34449 రకం వరి కోతకొచ్చేసిందని ఇదివరకు ఇక్కడ అడిగాను. విత్తనం కల్తీ అన్నారు కొందరు, యూరియా ఎక్కువైందన్నారు ఇంకొందరు. రెండూ కాదు. అక్టోబరులో చేనంతా ఈనింది.

ఇదంతా పగటి పొడవు వల్లేనని చెప్పినాయనకు థాంక్స్. వరి ఈనాలంటే మామూలుగా పొట్టి పగళ్లు కావాలి. హెచ్‌డీ1 అనే జన్యువు పగలు తక్కువున్నప్పుడు పూతను ముందుకు తోస్తుంది, ఎక్కువున్నప్పుడు అదే అడ్డం పడుతుంది. జీహెచ్‌డీ7 కూడా పొడుగు పగళ్లలో ఆపేదే. ఈ అడ్డు తగ్గాకే ఆకులో హెచ్‌డీ3ఏ ప్రోటీన్ తయారై మొవ్వుకు చేరి, వెన్ను (కంకి) కట్టమని చెబుతుంది. ఈ కబురు మోసేది ఆ ప్రోటీనేనని 2007లో తేల్చారు. మన దగ్గర జూన్‌లో పగలు దాదాపు 13 గంటలు, అక్టోబరు మధ్యకు 12 లోపే. ఆ గంట తేడా ఈ పాత రకానికి చాలా ఎక్కువ. 34449 లాంటి స్వల్పకాలిక రకాలు దాన్ని అంతగా పట్టించుకోవు.

చిత్రమేమంటే, రోడ్డు వార వీధిలైటు కింది దుబ్బులు ఇంకా ఈనలేదు. రాత్రి వెలుతురు పడితే మొక్క లెక్కలో రాత్రి తగ్గినట్టే. పంటకోసం లైటు తీసేయమంటే పంచాయతీవాళ్లు ఊరుకుంటారా!

వచ్చే ఎడగారుకు 34449 వేస్తాం. దేశీ విత్తనం ఆగస్టులో నారు పోస్తాను.