అప్‌డేట్: చరిత్ర నోట్సు భారం కొంత తగ్గింది

పై తరగతి చరిత్రలో ఒక్కో అధ్యాయానికి ఇరవై పేజీల నోట్సు రాస్తూ, తిరిగి చదివే తీరిక లేక సతమతమవుతున్నానని నెల క్రితం అడిగాను. మీరు సూచించినట్లు, ప్రతి వాక్యాన్నీ ఎక్కించుకోవడం మానేసి, ఎడమవైపు అంచు వదిలి, అదే సాయంత్రం అందులో ప్రశ్నలు రాసుకుంటున్నాను. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీతో కుదిరిన 1919 నాటి వర్సాయ్ ఒప్పందానికి మునుపు నాలుగు పేజీలు నింపేదాన్ని, ఇప్పుడు "231వ అధికరణం జర్మన్లకు ఎందుకు ఆగ్రహం తెప్పించింది?" అన్న ప్రశ్న, దాని కింద యుద్ధ బాధ్యత, నష్టపరిహారం అన్న రెండు ముక్కలు చాలుతున్నాయి. నోట్సు మూసి జవాబు చెప్పుకున్నప్పుడే నాకు రానిదేదో తెలుస్తోంది. రంగు పెన్నుల సలహా మాత్రం నాకు అచ్చిరాలేదు. గీతలు గీయడంలోనే గంట గడిచిపోయింది. మూలపత్రాల విశ్లేషణ ఇంకా నెమ్మదిగానే సాగుతున్నందున, దానికి ఆదివారం ఉదయాన్ని విడిగా కేటాయించాను.