పాత షాలిమార్ సెంటు సీసా దొరికింది, వాడొచ్చా?

ప్రశ్న (నల్గొండ):
మా చిన్నాయిన దుబాయ్‌ల ఉన్నప్పుడు తెచ్చిన గెర్లాన్ కంపెనీ షాలిమార్ సెంటు సీసా బీరువాల దొరికింది, సగం ఉన్నది. కొట్టంగనే నెయిల్ పాలిష్ లెక్క ఘాటు వస్తుంది, జరసేపైనంక మాత్రం మస్తు తియ్యటి వాసన. ఖరాబైందా అన్నా?

జవాబు 1 (మహబూబ్‌నగర్):
ఖరాబు కాలేదు తమ్మీ, పడేయకు! పాతగైతే ముందుగాల పోయేది పైపై వాసనలే, దీంట్ల అది బెర్గామోట్, నిమ్మజాతి పండు. అడుగున ఉండే వెనీలా, రెసిన్‌లు (చెట్ల బంకలు) ఏండ్లకేండ్లు నిలుస్తయ్. 1925ల జాక్ గెర్లాన్ చేసిన సెంటు ఇది, ఇథైల్ వెనిలిన్ (వెనీలా వాసనిచ్చే కెమికల్) అంత ధైర్యంగ వాడినోళ్లు అప్పట్ల తక్కువ, అందుకే నాకు ఇదంటే పాణం. చేతి మీద ఒక్కసారి కొట్టి అర్ధగంట ఆగు, అప్పుడు చెప్పు ఎట్లుందో.

జవాబు 2 (మిర్యాలగూడ):
అన్న చెప్పింది కరెక్ట్. కొత్త సీసాతోని మాత్రం పోల్చకు, పాత ఫార్ములాలు చానా మారినయ్. 1919ల వచ్చిన గెర్లాన్ వాళ్లదే ఇంకో సెంటు మిట్సుకోనే చూడు, దానికి ఓక్‌మాస్ అనే చెట్టు పాచే ఆయువుపట్టు, కొందరికి చర్మం మీద అలర్జీ వస్తుందని దాని వాడకం మీద లిమిట్ పెట్టిన్రు. పాతది దొరికితే వదలొద్దు, ఆ తడి అడవి వాసన వేరే లెవల్.

జవాబు 3 (వనపర్తి):
మన ఎండలకు జర జాగ్రత్త అక్కా/అన్నా, వేడి, వెలుతురు రెండూ సెంటుకు శత్రువులే. డబ్బాలనే పెట్టి చల్లటి చీకటి అరల ఉంచుర్రి, కిటికీ దగ్గర, బాత్రూంల అస్సలొద్దు.